ఒకే సాయంత్రం తప్పెటగుళ్లు, సినిమా: విజయనగరంలో కుదురుతుందా?

ప్రశ్న: డాన్స్ కాలేజీ పిల్లలు నలభై మందికి ఒకే సాయంత్రం తప్పెటగుళ్లు (రొమ్మున తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే జానపద నృత్యం), నాట్యం ఉన్న సినిమా చూపించాలి. ముందు ఏది పెట్టాలండీ?

జవాబు 1: తప్పెటగుళ్లే ముందండీ, పొద్దుండగానే. బృందంలో పదిహేను, ఇరవై మంది ఉంటారు, గుండ్రంగా తిరుగుతారు. ముప్పై అడుగుల మట్టినేల కావాలి. సిమెంటు మీద గెంతితే మోకాళ్లు పోతాయి. తప్పెట రొమ్ము మీదే మోగుతుంది, దానికి మైకు పెట్టొద్దు, పాడే గొంతుకే పెట్టండి. పిల్లల్ని ముందు వరసలో నేల మీద కూర్చోబెట్టండి. మడమ దిగడం, గజ్జె ఘల్లుమనడం, తప్పెట దెబ్బ మూడూ ఒకేసారి పడటం అక్కణ్నుంచే తెలుస్తుంది. ఆ చూపు ఏ వీడియోలోనూ దొరకదు!

జవాబు 2: సినిమాకి బ్లూటూత్ స్పీకరు వద్దు. శబ్దం ఆలస్యమై, అడుగు పడ్డాక గజ్జె వినిపిస్తుంది. వైరే వాడండి. మామూలు ప్రొజెక్టరైతే పదడుగుల వెడల్పు తెరకి దాదాపు పదిహేనడుగుల దూరం.

జవాబు 3: సినిమా హక్కుదారుల అనుమతి ముందే తీసుకోండి. నాట్య ఘట్టం రెండోసారి శబ్దం లేకుండా వేయండి, పాదాలే చూస్తారు.