‘ది ఫ్యామిలీ మ్యాన్’ నాలుగో సీజన్ కోసం ఎదురుచూపు: కథను మధ్యలో ఆపడం న్యాయమేనా?

ప్రశ్న: తూర్పుతీరం (ఎం.వి.పి. కాలనీ)

విశాఖ మిత్రులందరికీ నమస్కారం. మూడో సీజన్ ఇంకా చూడనివారు ఈ చర్చను పక్కన పెట్టడం మంచిది. కథలోని ముఖ్య విషయాలు ఇందులో వస్తాయి.

మా ఇంట్లో నాన్నగారు, నేను, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి ముగ్గురం కలిసి కూర్చుని చూసే సిరీస్‌లు చాలా తక్కువ. వాటిలో నిఘా ఉద్యోగి శ్రీకాంత్ తివారీ కథైన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ది మొదటి స్థానం. తొలి సీజన్ 2019 సెప్టెంబరులో, రెండోది 2021 జూన్‌లో, మూడోది 2025 నవంబరులో వచ్చాయి. రెండో సీజన్‌కూ మూడో సీజన్‌కూ మధ్య నాలుగేళ్లకు పైగా ఎడం వచ్చినా మాకు విసుగు కలగలేదు. సమంత పోషించిన రాజీ కథను రెండో సీజన్ అక్కడికక్కడే పూర్తి చేసి, ఈశాన్య రాష్ట్రాల వైపు ఒక చిన్న సూచన మాత్రం వదిలి సెలవు తీసుకుంది. అది చాలు, ఎన్నాళ్లైనా ఆగవచ్చు అనిపించింది.

మూడో సీజన్ దగ్గర మాత్రం ఇంట్లో పెద్ద వాదమే జరిగింది. ఏడు భాగాలూ పూర్తయినా హంతకుడు రుక్మాకూ శ్రీకాంత్‌కూ మధ్య లెక్క తేలలేదు. శ్రీకాంత్ మీద పడిన నింద సంగతీ, వెనుక నుంచి ఇదంతా నడిపించినవారి సంగతీ మిగిలిపోయాయి. ‘డబ్బు కట్టి, కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినవాళ్లకు సగం కథ చెప్పి పంపడం న్యాయం కాదు’ అని నాన్నగారు అన్నారు. మా అబ్బాయి మాత్రం ఆ ఉత్కంఠ లేకపోతే థ్రిల్లర్ చూడడం ఎందుకని వాదించాడు. నేను ఇద్దరి మధ్యా ఉన్నాను. కొత్త సీజన్ మీద ఇంత ఆశ పెట్టుకున్న మీ అభిప్రాయం ఏమిటి? అది వచ్చేలోగా పాత సీజన్లను మొత్తం మళ్లీ చూడాలా, లేక మూడోది ఒక్కటి చూసుకుంటే సరిపోతుందా?

సమాధానం: నరవకొండ (గోపాలపట్నం)

తూర్పుతీరం గారూ, ఈ సిరీస్ కథను మధ్యలో ఆపడం ఇదే మొదటిసారి కాదు. తొలి సీజన్ చివరి భాగం గుర్తు చేసుకోండి. ఢిల్లీలోని ఒక రసాయన కర్మాగారం నుంచి విషవాయువును నగరం మీదికి వదలాలన్న కుట్ర జరుగుతుంది. శ్రీకాంత్ సహోద్యోగులు మిలింద్, జోయా లోపల చిక్కుకుంటారు. వాయువు ఆగిందో లేదో చెప్పకుండానే తెర చీకటైపోతుంది. ఆ రోజు మేమందరం ఆ ముగింపును ఎంతో మెచ్చుకున్నాం.

ఎనిమిది నెలలు తిరగకముందే, 2020 మే 7 తెల్లవారుజామున, మాకు కూతవేటు దూరంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద పడింది. స్టైరీన్‌ను ఎప్పుడూ చల్లగా ఉంచాలి. అది వేడెక్కితే దాని అణువులు గొలుసుకట్టుగా అతుక్కోవడం మొదలవుతుంది, ఆ చర్య మరింత వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలిక లేకుండా ఉండిపోయిన ట్యాంకులో జరిగింది ఇదే. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువైనది కాబట్టి పైకి పోకుండా నేలను అంటుకుని వీధుల్లోకి పాకింది. పన్నెండు మంది ప్రాణాలు కోల్పోయారు. పశువులు కట్టిన చోటే ఒరిగిపోయాయి. తడి తువ్వాళ్లు ముఖానికి చుట్టుకుని పిల్లలను బండ్ల మీద ఎక్కించుకుని సింహాచలం వైపు బయలుదేరిన మాకు, గాలి ఎటు వీస్తోందో చెప్పే మనిషి దారిలో ఒక్కడూ కనబడలేదు.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత రెండో సీజన్ కోసం మేము చూసిన ఎదురుచూపు మునుపటిది కాదు. తొలి సీజన్‌లోని ఆ కర్మాగారంలో ఏమైందన్న ప్రశ్న మాకు ఇక కాలక్షేపంగా మిగలలేదు. అయితే రెండో సీజన్ ఆ కర్మాగారం ఘటనను పెద్ద ఘట్టంగా చూపలేదు. శ్రీకాంత్ ఆ నిఘా ఉద్యోగం వదిలి ఐటీ కంపెనీలో చేరడం వెనుక, జోయా కోలుకోవడానికి పడే అవస్థ వెనుక ఉన్న బరువుగా మాత్రమే దాన్ని చూపింది. చాలామంది నిరుత్సాహపడ్డారు. నాకు మాత్రం అదే సరైన జవాబుగా తోచింది. అలాంటి రాత్రి గడిచాక వాయువు ఎంత లీకైందన్న లెక్క కంటే, బతికినవాళ్లు మర్నాటి నుంచి ఎలా బతికారన్నదే అసలు కథ. మా వీధిలో ఇప్పటికీ రాత్రిపూట కిటికీ తలుపులు వేసుకుని పడుకునేవాళ్లు ఉన్నారు.

కాబట్టి మధ్యలో ఆపినందుకు నాకు అభ్యంతరం లేదు. ఆపిన చోట వదిలిన ప్రశ్నను తర్వాతి సీజన్ మరచిపోకూడదు, అంతే. సొంత సంస్థే తనను అనుమానించి వెంటాడిన తర్వాత శ్రీకాంత్ మళ్లీ అదే కుర్చీలో ఎలా కూర్చుంటాడు? తండ్రి అసలు ఉద్యోగం ఏమిటో తెలిసిపోయిన ధృతి, అథర్వ్ ఇక అతనితో ఎలా మాట్లాడతారు? నాలుగో సీజన్‌లో నేను వెతికేది వీటికి జవాబులే. కాల్పుల ఘట్టాలు ఎలాగూ ఉంటాయి.

సమాధానం: డాల్ఫిన్ కొండ (మల్కాపురం)

నేను నౌకాదళ డాక్‌యార్డులో పనిచేసి విరమించినవాణ్ని. అసంపూర్తి ముగింపు అన్యాయమని నేను అనుకోవడం లేదు. నిఘా పనికి సంబంధించిన కథ అలా ముగియడమే ఆ వృత్తికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

మన ఊరి సంగతే చూడండి. తొలి సీజన్ వచ్చిన మూడు నెలలకే, 2019 డిసెంబరులో, రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగం, నౌకాదళ నిఘా విభాగం, కేంద్ర సంస్థలు కలిసి ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఒక గూఢచర్య ముఠాను పట్టుకున్నాయి. ఏడుగురు నావికులూ, ఒక హవాలా వ్యాపారీ అరెస్టయ్యారు. ఫేస్‌బుక్‌లో ఆడవారి పేర్లతో పరిచయం పెంచుకుని, ఆ పరిచయాన్ని బెదిరింపుగా మార్చి, నౌకలూ జలాంతర్గాములూ ఎక్కడున్నాయన్న సమాచారం రాబట్టడం ఆ ముఠా పద్ధతి. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లోనూ నౌకల మీదా స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. కుర్రాళ్లు గేటు దగ్గర ఫోన్లు అప్పగించి లోపలికి వెళ్లే రోజులు మా కాలనీలో అలా మొదలయ్యాయి. తరువాత కేసు ఎన్ఐఏకి వెళ్లింది, మరిన్ని అరెస్టులు జరిగాయి. ఒక తీగ లాగితే మరో తీగ కదలడమే ఇందులో ఉంటుంది, ‘శుభం’ కార్డు పడే రోజు ఉండదు.

ఇంకా పాత ఉదాహరణ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీది. 1971 డిసెంబరులో అది మన తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని మనం అంటాం, లోపల జరిగిన పేలుడు వల్ల మునిగిందని వాళ్లంటారు. అర్ధశతాబ్దం గడిచినా ఈ వాదం తెగలేదు. బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర నిలబడి మనవళ్లకు ఆ కథ చెప్పేటప్పుడు, ముగింపు తేలలేదన్న సంగతే వాళ్లను ఇంకా ఇంకా అడిగేలా చేస్తుంది.

నా ఆశ ఒకటుంది. ఈ సిరీస్ మొదలైందే కేరళ తీరంలో ఒక పడవను పట్టుకునే ఘట్టంతో. కశ్మీరు, చెన్నై, లండన్, నాగాలాండ్ అన్నీ తిరిగిన ఈ కథ ఒక్కసారి తూర్పు సముద్రం వైపు వస్తే బాగుంటుంది. శ్రీకాంత్ పనిచేసే ‘టాస్క్’ కల్పిత విభాగమే అయినా, సెలవు దొరకని ఉద్యోగిగా, ఇంటి రుణం గురించి ఆలోచించే భర్తగా అతన్ని చూపిన తీరు కల్పన అనిపించదు. తుపాకీ పట్టుకునే ఘట్టాలు తగ్గించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి వినే ఘట్టాలు పెంచినా నేను సంతోషంగా చూస్తాను.

సమాధానం: పాత పాఠకురాలు (పెదవాల్తేరు)

డాల్ఫిన్ కొండ గారూ, మీరు చెప్పినవన్నీ గౌరవంతో చదివాను. కానీ జీవితంలో జరిగినదానికి ముగింపు లేకపోవడం వేరు, ఒకరు కూర్చుని రాసిన కథకు లేకపోవడం వేరు. ఘాజీ కథను మనకు ఎవరూ చందా కట్టించుకుని చెప్పలేదు. రచయిత చేతిలో ఉన్న కథకు రచయితే బాధ్యుడు.

నేను వారపత్రికల సీరియళ్ల కాలంలో పెరిగినదాన్ని. ప్రతి వారమూ సరిగ్గా కత్తి గొంతు మీదికి వచ్చిన చోటనే ‘సశేషం’ అని ఆపేసేవారు. మాకు కోపం రాలేదు, ఎందుకంటే పత్రిక మళ్లీ ఏ రోజున వస్తుందో మాకు తెలుసు. గ్రంథాలయంలో ఆ సంచిక కోసం వంతులు వేసుకునేవాళ్లం. ముందు చదివినవారెవరో సీరియల్ పేజీని చింపుకుపోతే ఆ వారమంతా ఇంట్లో అదే ఏడుపు. అయినా ఆ ఎదురుచూపులో ఒక భరోసా ఉండేది. ఇప్పుడు లోపించింది ఆ భరోసాయే. ఉత్కంఠ మీద ఆపండి, తప్పులేదు. ఆపేటప్పుడు తేదీ చెప్పండి. తేదీ చెప్పలేనప్పుడు, ఆ సీజన్ ఎత్తుకున్న ముఖ్యమైన ప్రశ్నకైనా జవాబు చెప్పి వెళ్లండి.

ఈ కొలతతో చూస్తే రెండో సీజనే ఉత్తమం. రాజీ ఎవరు, ఆమెకు జరిగిన అన్యాయం ఏమిటి, ఆమె తలపెట్టిన పని జరిగిందా లేదా, అన్నీ తొమ్మిది భాగాల్లో తేలాయి. సమంతకు అది తొలి వెబ్ సిరీస్. సంభాషణలో సగం తమిళం, పెదవులపై నవ్వు లేని పాత్ర. ఎవరి పక్షాన నిలబడాలో తెలియక నేను తల్లడిల్లాను. మూడో సీజన్‌లో జైదీప్ అహ్లావత్ చేసిన రుక్మా కూడా అంత బలమైన పాత్రే. తాను ప్రేమించిన స్త్రీ పోయిన తర్వాత ఆమె కొడుకును చేరదీసిన హంతకుడు అతడు. ఆ పిల్లవాడి వైపు నుంచి కథ ఎటు తిరుగుతుందోనని ఆరాటపడుతున్నప్పుడే ఆపేశారు. తూర్పుతీరం గారూ, మీ నాన్నగారి కోపంలో న్యాయముందమ్మా. నా మాటగా చెప్పండి.

సమాధానం: రికార్డింగ్ గది (మధురవాడ)

నేను చిన్న చిత్రాలకు శబ్దం పనిచేస్తుంటాను కాబట్టి, ఆలస్యం గురించి కొంత వివరించగలను. రెండో సీజన్ నిజానికి 2021 ఫిబ్రవరి 12న రావలసింది. ఆ సమయంలో మరో సిరీస్ మీద చెలరేగిన వివాదంతో ఓటీటీ సంస్థలన్నీ జాగ్రత్తపడ్డాయి, విడుదల జూన్ 4కి జరిగింది. ఈలోగా ట్రైలర్ చూసి తమిళనాడు ప్రభుత్వం నిషేధించమని కేంద్రానికి లేఖ కూడా రాసింది. మూడోదానికి ముందు రూపకర్తలు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. ఖాళీగా లేరు. 2023లో ‘ఫర్జీ’, ‘గన్స్ అండ్ గులాబ్స్’, 2024లో ‘సిటాడెల్: హనీ బన్నీ’ వారి చేతుల మీదుగా వచ్చాయి. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన ఇద్దరు మనవాళ్లు ఇంత పెద్ద పని చేస్తున్నందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

పాత పాఠకురాలు గారు అడిగిన తేదీ భరోసా ఎందుకు కష్టమో కూడా చెబుతాను. వారపత్రిక రచయిత ఈ వారం రాసి వచ్చే వారం అచ్చులో చూసుకునేవారు. ఇక్కడ సీజన్ మొత్తం స్క్రిప్టు పూర్తి కావాలి, నటీనటుల తేదీలన్నీ ఒకచోట కుదరాలి, కొండ ప్రాంతాల్లో వాన లేని నెలలు దొరకాలి, ఆ తర్వాత కూర్పు, శబ్దం, ఇతర భాషల డబ్బింగ్ అన్నీ ముగించి ఒకే రోజు అన్ని భాగాలనూ విడుదల చేయాలి. ఇందులో ఏ ఒక్కటి జారినా ఏడాది జారుతుంది. అందుకే తేదీ అడగడం కంటే, సీజన్ తన ప్రశ్నను తానే ముగించాలన్న ఆమె రెండో కోరికే ఆచరణలో సాధ్యం. దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

తూర్పుతీరం (ఎం.వి.పి. కాలనీ)

అందరికీ కృతజ్ఞతలు. పెదవాల్తేరు అమ్మగారి మాటను నాన్నగారికి చదివి వినిపించాను, ఎంతో సంతోషించారు. నరవకొండ గారు రాసింది చదివాక తొలి సీజన్ చివరి భాగాన్ని మళ్లీ చూడాలనిపిస్తోంది. మళ్లీ చూడడం గురించిన నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. ‘ఫర్జీ’ మేము చూడలేదు. దానితో ఈ కథకు సంబంధం ఉందా?

రికార్డింగ్ గది (మధురవాడ)

ఉందండీ. ‘ఫర్జీ’లో విజయ్ సేతుపతి చేసిన మైఖేల్ పాత్ర మూడో సీజన్‌లో శ్రీకాంత్‌కు సాయంగా వస్తుంది. ఈ రెండు కథలూ ఒకే లోకానికి చెందినవి కాబట్టి, నాలుగో సీజన్‌లో ఆ దారి ఇంకా తెరుచుకోవచ్చని నా అంచనా. మూడు సీజన్లూ కలిపి ఇరవై ఆరు భాగాలు. అన్నీ చూసే తీరిక లేకపోతే తొలి సీజన్ చివరి రెండు భాగాలు, రెండో సీజన్ మొత్తం, ఆపైన ‘ఫర్జీ’, తర్వాత మూడో సీజన్, ఈ వరుసలో చూడండి. మూడోదాన్ని మాత్రం నాలుగో సీజన్ విడుదల తేదీ ప్రకటించాకే మొదలుపెట్టండి. లేకపోతే మీ ఇంట్లో అదే వాదం మళ్లీ మొదలవుతుంది.