మోటారు స్టార్టర్‌కి మిస్డ్ కాల్, ఎస్సెమ్మెస్ చాలా? ఎమ్‌క్యూటీటీకి మారాలా? టీం రెండు ముక్కలైంది, ఎలా తేల్చాలి?

చీనీతోట (అనంతపురం):
మేం ఆరుగురం. బోరు మోటార్లకి మొబైల్ స్టార్టర్ డబ్బాలు తయారు చేస్తాం. ఇప్పుడున్న డబ్బాలో 2జీ మాడ్యూల్ ఉంది, రైతు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆడుతుంది, ఆన్, ఆఫ్ ఎస్సెమ్మెస్‌లో కూడా పంపొచ్చు, కరెంటు వచ్చినా పోయినా డబ్బా తిరిగి ఎస్సెమ్మెస్ పంపుతుంది. కొత్త మోడల్ దగ్గరే గొడవ మొదలైంది. యాప్ రాసే ఇద్దరూ 4జీ క్యాట్-1 (యంత్రాలకి సరిపడే తక్కువ వేగం 4జీ) మాడ్యూల్ పెట్టి అంతా ఎమ్‌క్యూటీటీ (యంత్రాలు, సర్వర్ ఇంటర్నెట్‌లో చిన్న చిన్న మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) మీద నడపాలంటారు. ఫర్మ్‌వేర్ (డబ్బా లోపల నడిచే ప్రోగ్రాం) చూసే అన్న మాత్రం ఉన్నదాన్ని కదపొద్దంటాడు. మూడు వారాలుగా ఇదే మాట, పోయిన మీటింగ్‌లో అన్న మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు, మర్నాడు టీ తాగడానికి కూడా మాతో రాలేదు. బోర్డు ఆర్డర్ పెట్టాల్సిన రోజు దగ్గరకొచ్చింది. నేను టీం లీడ్‌ని. నా మాటగా తేల్చెయ్యాలా, ఓటు పెట్టాలా? అన్నని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అలాగని అన్నకి భయపడి తప్పు బోర్డు కూడా చేయించలేను.

సర్వర్‌రూమ్ (కర్నూలు):
నువ్వే తేల్చెయ్ బ్రదర్, లీడ్ అంటే అందుకే. టెక్నికల్‌గా ఇందులో చర్చించడానికి పెద్దగా ఏం ఉందో నాకు అర్థం కాలేదు. ఎమ్‌క్యూటీటీ పుట్టిందే ఇలాంటి పని కోసం, 1999లో ఎడారిలో ఆయిల్ పైపులైన్ల రీడింగులు శాటిలైట్ లింకు మీద తెప్పించుకోవడానికి చేశారు, ఒక్కో మెసేజ్ ముందు తగిలించే హెడర్ రెండు బైట్లతో మొదలవుతుంది, అంత తేలిక. కీప్ అలైవ్ (బతికున్నానని డబ్బా పలకాల్సిన గడువు) 60 సెకన్లు పెట్టుకుంటే డబ్బా పలకడం ఆగిన 90 సెకన్లకి సర్వర్‌కి తెలిసిపోతుంది, 'నేను తెగిపోయాను' అని డబ్బా ముందే రాసిపెట్టిన లాస్ట్ విల్ మెసేజ్ రైతు ఫోన్‌కి వెళ్లిపోతుంది. ఎస్సెమ్మెస్‌లో ఇది ఎక్కడుంది? మెసేజ్ పంపి దేవుడి మీద భారం వేసి కూర్చోవడమే కదా. పైగా తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే ఒక మెసేజ్‌కి 70 అక్షరాలు, 'మూడు ఫేజులు ఉన్నాయి, మోటారు ఆడుతోంది, ఇంత ఆంపియర్లు' అని రాసేసరికే చాలావరకు అయిపోతుంది. ఇంకోటి, జియోలో అసలు 2జీ లేదు. 2జీని నమ్ముకున్న డబ్బా ఎన్నేళ్లు బతుకుతుంది?

సోల్డరింగ్ (కడప):
సర్వర్‌రూమ్ గారూ, మీరు చెప్పిన వాటిలో తప్పేం లేదు, కానీ అవన్నీ ఏసీ గదిలో కూర్చుని చెప్పే ఒప్పులు. నేను ఎనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. డబ్బా ఉండేది బోరు గట్టు మీద, రేకు పెట్టెలో. సిగ్నల్ ఒక గీత ఉంటుంది, పొద్దెక్కితే అదీ పోతుంది. డేటా కనెక్షన్ కాసేపు ఖాళీగా ఉంటే నెట్‌వర్క్ దాన్ని తెంచేస్తుంది, మళ్లీ కనెక్ట్ అయ్యేలోపు రైతు నాలుగుసార్లు బటన్ నొక్కి ఉంటాడు. మా వైపు ఒక పెద్దాయన నాతో అన్న మాట చెప్తాను: 'యాప్ గీప్ నాకు తెల్దప్పా, కాల్ కొడితే మోటారు ఆడల్ల, అంతే.' ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆయనకి నీ లాస్ట్ విల్ మెసేజ్ ఎక్కడ చూపిస్తావు?

ఇంకో మాట చీనీతోటకి. 4జీ మాడ్యూల్ అనగానే కాల్ వస్తుందని అనుకోవద్దు తమ్ముడూ. క్యాట్-1లో డేటా మాత్రమే ఇచ్చేవి కూడా ఉన్నాయి, వోల్టే (4జీ మీదే కాల్ వచ్చే సౌకర్యం) ఉన్నది వేరే పార్టు నంబరుతో వస్తుంది, ఆర్డర్ పెట్టేముందే చూసుకో. సిమ్ ఏది వాడతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. యంత్రాల కోసం ఇచ్చే ఎమ్2ఎమ్ సిమ్‌కి 13 అంకెల నంబరు, ముందే నమోదు చేసిన నంబర్లతోనే కాల్, ఎస్సెమ్మెస్ పనిచేస్తాయి. రైతు ఫోను మార్చి ఇంకో నంబరు నుంచి కొడితే పలకదు. మీ మీటింగుల్లో ఈ సంగతి ఒక్కసారైనా వచ్చిందా?

ఓటు మాత్రం పెట్టొద్దు. యాప్ వాళ్లు ఇద్దరు, పొలం దాకా వెళ్లేవాడు ఒక్కడు. లెక్కపెడితే ఎప్పుడూ వాళ్లే గెలుస్తారు, పొలంలో తిట్లు తినేది మాత్రం ఆ ఒక్కడే.

సర్వర్‌రూమ్ (కర్నూలు):
ఓటు వద్దు, లీడ్ చెప్పొద్దు, మరి ఎవరు చెప్పాలి? వయసులో పెద్దవాడు అలిగితే పని ఆగిపోవాలా?

సోల్డరింగ్ (కడప):
అలగడం తప్పే, నేను కాదనను. కానీ చూడండి, ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ రాసే ఐఈటీఎఫ్ వాళ్లు ఓట్లు లెక్కపెట్టరు. 1992లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ అక్కడ చెప్పిన మాట చాలామందికి తెలిసిందే: రాజులూ వద్దు, అధ్యక్షులూ వద్దు, ఓట్లూ వద్దు, ఉజ్జాయింపుగా ఒక అంగీకారం, నడిచే కోడ్, ఈ రెండూ చాలు. ఆ అంగీకారం అంటే ఏంటో 2014లో ఆర్ఎఫ్‌సీ 7282 అనే వాళ్ల పత్రంలో వివరంగా రాశారు. నాకు అందులో నచ్చింది ఒక్కటే. అభ్యంతరం చెప్పినవాడు కోరినట్టే చెయ్యాలని లేదు, కానీ ఆ అభ్యంతరానికి జవాబు వచ్చి తీరాలి. వందమంది ఒకవైపున్నా, అయిదుగురు చెప్పిన అభ్యంతరానికి జవాబు లేకపోతే ఆ వందమందితో తేలదు. మీ అన్న లేచి వెళ్లిపోయింది ఓడిపోయినందుకు అయ్యుండదు తమ్ముడూ, ఆయన అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పనందుకు అయ్యుంటుంది. ఆయన అభ్యంతరాలు ఆయన చేతే కాగితం మీద రాయించు. ఒక్కోదాని పక్కన 'ఏం చూపిస్తే నేను ఒప్పుకుంటాను' అని కూడా ఆయన్నే రాయమను. యాప్ పిల్లలతో కూడా అలాగే రాయించు.

చీనీతోట (అనంతపురం):
రాయించాను. అన్న మూడు లైన్లు రాశాడు. ఒకటి, సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట వారం రోజులు ఆన్ ఆఫ్ చేసి చూపించండి. రెండు, బటన్ల ఫోను రైతు ఏం చెయ్యాలి. మూడోది తర్వాత చెప్తాను. యాప్ వాళ్లు ఒకే లైను రాశారు: ఎస్సెమ్మెస్ ఆలస్యంగా వస్తుంది, ఎంత ఆలస్యమో ఎవరికీ తెలీదు, అది ప్రమాదం. దానికి అన్న, 'ఆలస్యమైతే ఏమైతది, మోటారు కాస్త ఆలస్యంగా ఆడతది' అన్నాడు.

బిగింపుపని (తాడిపత్రి వైపు):
నేను రాసేవాణ్ణి కాదు, చదివి వెళ్లిపోతుంటాను, కానీ ఆ మాట చూసి ఊరుకోలేకపోయాను. నేను డబ్బాలు బిగిస్తాను. రెండేళ్ల కిందట ఒక చీనీ (బత్తాయి) తోటలో జరిగింది చెప్తా. రైతు రాత్రి ఆన్ అని ఎస్సెమ్మెస్ పంపాడు, అప్పటికి కరెంటు లేదు, డబ్బాకి బ్యాటరీ లేదు, అది ఆఫ్‌లో ఉంది. మోటారు ఆడలేదు కాబట్టి ఆయన మర్చిపోయి పడుకున్నాడు. పొద్దున మెకానిక్, నేను వెళ్లాం, ప్యానెల్లో ఒక వైరు కాలింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసి వైరు మార్చాం, ఫ్యూజులు పెట్టి వచ్చి మెకానిక్ ఎడమ చేత్తో ప్యానెల్ తలుపు పట్టుకుని టెస్టర్‌తో ఒక్కో ఫేజు చూస్తున్నాడు. డబ్బా లైటు ఎర్రగా మిణుకుమంటోంది, నెట్‌వర్క్ వెతుక్కుంటోంది. లైటు పచ్చగా మారిన క్షణానికి కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) టక్కుమని కలిసింది. ఎవరూ ఏం నొక్కలేదు. రాత్రి పంపిన ఎస్సెమ్మెస్ అప్పుడు అందింది. టెస్టర్ ఇంకో నాలుగు వేళ్లు లోపల ఉండుంటే ఆ మనిషి ఇవాళ లేడు. ఆయన అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు, నీళ్లిస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఆలస్యమైతే ఏమైతది అని మాత్రం అనొద్దని మీ అన్నకి చెప్పండి సార్.

సర్వర్‌రూమ్ (కర్నూలు):
ఇది చదివాక నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నాను. ఎస్సెమ్మెస్‌దే తప్పని రాయబోయి ఆగాను, ఎందుకంటే ఎమ్‌క్యూటీటీలోనూ ఇదే జరుగుతుంది. సెషన్ నిలబెట్టి (డబ్బా తెగిపోయినా సర్వర్ దాన్ని గుర్తుంచుకునేలా), క్యూఓఎస్ 1లో (కనీసం ఒకసారైనా అందాలనే పద్ధతిలో) పంపితే, డబ్బా ఆఫ్‌లో ఉన్నంతసేపూ బ్రోకర్ (మధ్యలో మెసేజ్‌లు పంచే సర్వర్) ఆ ఆన్ మెసేజ్‌ని దాచిపెట్టి, కరెంటు రాగానే అందిస్తుంది. రిటైన్ పెట్టిన (బ్రోకర్ తన దగ్గర అట్టే పెట్టుకునే) ఆన్ అయితే ఇంకా ఘోరం, డబ్బా కనెక్ట్ అయి సబ్‌స్క్రైబ్ చేసిన (మెసేజ్‌లు పంపమని అడిగిన) ప్రతిసారీ వస్తుంది. మేమంతా ఇదే 'నమ్మకమైన డెలివరీ' అని గొప్పగా చెప్పుకుంటాం. 5వ వెర్షన్‌లో మెసేజ్‌కి గడువు పెట్టొచ్చు, 3.1.1లో అదీ లేదు. బిగింపుపని గారూ, మీరు రాసినందుకు చాలా థ్యాంక్స్.

సోల్డరింగ్ (కడప):
అయితే మూడింటిలో ఎలా పెట్టినా దాచిపెట్టని దారి మిస్డ్ కాల్ ఒక్కటే. డబ్బా ఆఫ్‌లో ఉంటే రింగ్ అవదు, తర్వాత వచ్చి మీద పడదు. ఇంతకాలం రైతుకి సులువని దాన్ని సమర్థించాను, ఈ కారణం నాకు తట్టనేలేదు.

చీనీతోట (అనంతపురం):
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆ తాడిపత్రి సంగతి మీటింగ్‌లో చదివి వినిపించాను. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నే లేచి బోర్డు మీద రాశాడు: ఆదేశం ఏ దారిలో వచ్చినా దానిమీద టైం ఉండాలి, రెండు నిమిషాలు దాటితే డబ్బా పారేయాలి. ఎస్సెమ్మెస్‌తో పాటు సర్వీస్ సెంటర్ టైం (కంపెనీ ఎస్సెమ్మెస్ సెంటర్‌కి అది అందిన టైం) ఎలాగూ వస్తుంది, ఎమ్‌క్యూటీటీ మెసేజ్‌లో మేమే పెడతాం, డబ్బా నెట్‌వర్క్ నుంచి టైం తీసుకుని పోల్చుకుంటుంది, టైం తెలియకపోతే ఆన్ చెయ్యదు. కరెంటు వచ్చిన మొదటి రెండు నిమిషాలు ఏ ఆదేశమూ తీసుకోదు, కాల్ కూడా, ఇది యాప్ అమ్మాయి చెప్పింది. కాల్‌కైతే డబ్బా తెలిసిన నంబరేనా అని చూసుకుంటుంది.

ఆ తర్వాత రెండు డబ్బాలు పట్టుకుని శింగనమల వైపు ఒక తోటకి అన్న, యాప్ అబ్బాయి కలిసి బైకు మీద వెళ్లారు, ఇది నేను చెప్పలేదు, వాళ్లే వెళ్లారు. మధ్యాహ్నం సిగ్నల్ పడిపోయినప్పుడు ఎమ్‌క్యూటీటీ తెగి మళ్లీ కలవడానికి ఎంతసేపు పడుతుందో ఆ అబ్బాయి వేపచెట్టు కింద కూర్చుని కళ్లారా చూశాడు. సాయంత్రం అదే చోట కరెంటు పోయిన సంగతి ఎస్సెమ్మెస్ కంటే యాప్‌లో ముందు వచ్చింది, అది అన్న చూశాడు. వారం పూర్తి చేసి వచ్చారు. బోర్డు వోల్టే ఉన్న క్యాట్-1తోనే, సిమ్ సంగతి కూడా అప్పుడే తేల్చాం. మోటారు ఆడించడానికి, ఆపడానికి మిస్డ్ కాల్ ఉంటుంది, బటన్ల ఫోను రైతుకి అదే చాలు. రీడింగులు, కరెంటు కబురు, యాప్ బటన్ ఎమ్‌క్యూటీటీ మీద. ఎస్సెమ్మెస్‌తో ఆఫ్ చెయ్యొచ్చు, ఆన్ చెయ్యలేం. ఆర్డర్ నిన్న పెట్టాం.

అన్న మూడో లైను మాత్రం కాగితం మీద అలాగే ఉంది. 'సిమ్ రీచార్జి రైతు మర్చిపోతే, నడి ఎండాకాలం డబ్బా మూగబోతే, ఎవరు జవాబు చెప్పాలి?' మా దగ్గర సమాధానం లేదు, ఒక ఏడాది రీచార్జి ధరలోనే కలిపితే డబ్బా ఖరీదు పెరుగుతుంది, కలపకపోతే అన్న చెప్పిందే జరుగుతుంది. మీలో ఎవరైనా దీన్ని ఎలా సర్దుకున్నారో చెప్పండి, కాగితం గోడకి అంటించే ఉంచాం.