అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది: ఫార్మాట్ చేయకుండా దారి ఉన్నదా?

గవర్నర్‌పేట డీటీపీ, విజయవాడ
నిన్న సాయంత్రం విండోస్ 11 అప్‌డేట్ 30 శాతం దాటిన తరువాత కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో నీరసించినందున రెండు నిమిషాలైనా నిలువలేదు. అప్పటి నుండి కంప్యూటర్ ఎన్నిసార్లు వేసినా ఆటోమేటిక్ రిపేర్ తెర దగ్గరికే వస్తున్నది. శ్రావణ ముహూర్తాల పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదనే ఉన్నాయి (దయచేసి తిట్టవద్దు). దుకాణంలో అడిగితే ఫార్మాట్ తప్ప మార్గం లేదన్నారు.

బ్రాడీపేట మరమ్మతులు, గుంటూరు
ఫార్మాట్ మాట అప్పుడే ఎత్తవద్దండి. ముందు ఫైళ్లు బయటికి తీయండి. రిపేర్ తెరలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ద్వారా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 'నోట్‌ప్యాడ్' అని టైపు చేసి, అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే మీ ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. అక్కడి నుండే కాపీ చేసి పెన్‌డ్రైవులో పేస్ట్ చేయవచ్చు. ఆ తరువాత అదే ప్రాంప్ట్‌లో, విండోస్‌ను బాగుచేసే డిస్మ్ (DISM) కమాండును రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్ అనే స్విచ్‌తో నడిపితే, సగంలో ఆగిన అప్‌డేట్ పనులను వెనక్కి తీసుకుంటుంది. అయితే రికవరీలో డ్రైవు అక్షరాలు మారిపోతుంటాయి కాబట్టి, విండోస్ ఫోల్డర్ ఏ అక్షరం కింద ఉన్నదో 'డిర్' కొట్టి చూసుకున్న తరువాతనే ఆ అక్షరాన్ని కమాండులో వ్రాయండి.

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు
డ్రైవుకు తాళం వేసే బిట్‌లాకర్ సంగతి కూడా చూసుకోండి. మా కమీషన్ కొట్టు ల్యాప్‌టాప్ ఇలాగే మొరాయించినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగింది. అటువంటిది ఒకటి ఉన్నదని అప్పటివరకు మాలో ఎవరికీ తెలియదు. ల్యాప్‌టాప్ కొన్న రోజున యజమాని గారి అబ్బాయి తన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినందువల్ల కీ ఆ ఖాతాలో భద్రంగా ఉన్నది. ఆయన ఫోనులో ఒక్కొక్క అంకె చెబుతుంటే కొట్టాము.

ల్యాబ్ అసిస్టెంట్, విజయవాడ
ఈ కమాండులన్నీ ఎందుకండీ? అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ఉన్నది. మా ల్యాబులో రెండు యంత్రాలు దానితోనే లేచాయి.

బ్రాడీపేట మరమ్మతులు, గుంటూరు
మీవి అప్‌డేట్ పూర్తయిన తరువాత చెడినవి అయి ఉంటాయండి. ఈయనది సగంలో తెగినది. తీసివేయడానికి అది పూర్తిగా ఎక్కనే లేదు. మీరు చెప్పిన దారి ముందుగా ప్రయత్నించినా తప్పు లేదు.

గవర్నర్‌పేట డీటీపీ, విజయవాడ
లేచింది! అన్‌ఇన్‌స్టాల్ ప్రయత్నం విఫలమయింది కానీ, ఫైళ్లు పెన్‌డ్రైవుకు ఎక్కించి రివర్ట్ కమాండు ఇచ్చి రీస్టార్ట్ చేస్తే, చాలాసేపు నల్లతెర చూపించి చివరకు డెస్క్‌టాప్ వచ్చింది. కీ అడగలేదు. ఇంకేమైనా చేయవలసి ఉన్నదా?

బ్రాడీపేట మరమ్మతులు, గుంటూరు
అడ్మినిస్ట్రేటర్‌గా ప్రాంప్ట్ తెరిచి, నెట్ ఉంచి, డిస్మ్ రిస్టోర్‌హెల్త్ నడపండి. మధ్యలో ఒకే శాతం దగ్గర ఆగినట్లు కనిపించినా మూసివేయవద్దు. అది అయిన తరువాతనే, విండోస్ ఫైళ్లను పరీక్షించి చెడినవి మార్చే ఎస్ఎఫ్‌సీ (SFC) స్కాన్‌నౌ; మంచి ఫైళ్లను అది తెచ్చుకునే నిల్వను ముందుగా బాగుచేసేది డిస్మే. సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను 5 వారాల వరకు ఆపుకోవచ్చు, ముహూర్తాలు గడిచేవరకు సరిపోతుంది.

గవర్నర్‌పేట డీటీపీ, విజయవాడ
రెండూ నడిపాను. పాడైన ఫైళ్లు దొరికాయనీ, బాగుచేశాననీ ఎస్ఎఫ్‌సీ చెప్పింది. ప్రింటర్ డ్రైవరు మాత్రం మళ్లీ వేసుకోవలసి వచ్చింది. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ బిగించిన తరువాతనే ఆ అప్‌డేట్ జోలికి వెళ్తాను.