ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అవుట్‌పుట్‌లో తెలుగు అక్షరాల బదులు అంకెలు

ప్రశ్న: ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే భాష) స్టైల్‌షీట్‌ను నడిపే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే టూల్‌తో ఎక్స్‌ఎంఎల్‌ను మారుస్తుంటే ‘త’ ఉండాల్సిన చోట &#3108; పడుతోంది. ఇండెంట్ (లైన్లను లోపలికి జరపడం) ‘యెస్’ పెట్టినా లైన్లు సరిగా జరగట్లేదు. ఎక్కడ చూడాలి?

జవాబు: అంకెలు రావడం తప్పు కాదండీ, బ్రౌజర్ దాన్ని ‘త’ గానే చూపిస్తుంది. స్టైల్‌షీట్‌లోని ఎక్స్‌ఎస్‌ఎల్:అవుట్‌పుట్ ట్యాగ్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఐఎస్‌ఓ-8859-1 అనో యూఎస్-ఆస్కీ అనో ఉందేమో చూడండి. అందులో పట్టని అక్షరం ఇలా అంకెగానే వస్తుంది. యూటీఎఫ్-8 చేయండి. ఆ ట్యాగ్ స్టైల్‌షీట్‌కు నేరుగా కింద ఉండాలి, టెంప్లేట్ లోపల కాదు.

ఇండెంట్ సంగతి వేరు. మూలంలోని ఖాళీలు, ఎంటర్లు టెక్స్ట్ నోడ్‌లుగా వెంట వచ్చేస్తాయి. టెక్స్ట్ కలిసిన చోట ప్రాసెసర్ ఇండెంట్ జోలికి పోదు. ఆ ఖాళీ నోడ్‌లను తీసేసే స్ట్రిప్-స్పేస్ ట్యాగ్‌లో ఎలిమెంట్స్="*" (అంటే అన్ని ఎలిమెంట్లకూ) పెట్టండి.

ఇంకో జవాబు: ఆ నక్షత్రంతో జాగ్రత్త. <బి>రామ</బి> <ఐ>కథ</ఐ> మధ్య ఖాళీ కూడా ఎగిరిపోయి ‘రామకథ’ అవుతుంది. పేరా ఎలిమెంట్‌ను ఖాళీలను అలాగే ఉంచే ప్రిజర్వ్-స్పేస్‌లో పెట్టాల్సిందే.

ప్రశ్న: థాంక్సండీ, రెండూ కుదిరాయి. డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) ఇదే స్టైల్‌షీట్ నడిపితే అవుట్‌పుట్ మొదట్లో ఉండే ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్‌లో యూటీఎఫ్-16 అని ఎందుకొస్తోంది?

జవాబు: స్ట్రింగ్‌రైటర్‌లోకి (మెమరీలో స్ట్రింగ్‌గా రాసేది, దాని ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16) రాస్తున్నట్టున్నారు. అక్కడ రైటర్ ఎన్‌కోడింగ్‌దే పైచేయి. దాని బదులు స్ట్రీమ్‌లోకి (నేరుగా బైట్లుగా) రాయండి. ఎక్స్‌ఎంఎల్‌రైటర్ మీరే తయారుచేస్తే, లోడ్ అయ్యాక స్టైల్‌షీట్ ఇచ్చే అవుట్‌పుట్‌సెట్టింగ్స్‌ను దానికి అందించండి. లేకపోతే ఎక్స్‌ఎస్‌ఎల్:అవుట్‌పుట్‌లో ఏం రాసినా పట్టించుకోదు.