చేను కాపలాలో వేటగాళ్ల కరెంటు తీగ, నాటు తుపాకీ: ఏం చేయాలి?

సిరొంచ రైతు:
పెద్దలందరికీ నమస్కారం. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున, అడవిని ఆనుకొని మాకు నాలుగెకరాల పత్తి చేను ఉంది. అడవి పందుల బెడదకు రాత్రిళ్లు మంచె మీద కాపలా ఉంటాను. వారం రోజులుగా ఎవరో తలకు లైట్లు కట్టుకొని మా చేను మీదుగానే అడవిలోకి పోతున్నారు. రెండుసార్లు తుపాకీ చప్పుడు కూడా వినిపించింది. నిన్న తెల్లవారుజామున గట్టు వెంట, మోకాలికంటే తక్కువ ఎత్తులో, పుల్లలకు గుచ్చిన సీసా ముక్కల మీదుగా సన్నని ఇనుప తీగ లాగి ఉంది. దాని మీద మంచు బొట్లు మెరిశాయి కాబట్టి ఆగాను. మా అమ్మ సద్ది పట్టుకొని రోజూ ఆ గట్టు మీదే వస్తుంది. తీగను నేనే తెంచేయాలా? వాళ్లను నిలదీయాలా?

అహేరి నుంచి, పాత లైన్‌మన్:
తెంచకండి, కర్రతో కూడా ముట్టుకోకండి. 11 కేవీ లైనుకు కొక్కెం తగిలించి ఉంటే అది 11 వేల వోల్టులు. ఎండు కర్ర, రబ్బరు చెప్పులు దాన్ని ఆపలేవు, నేల తడిగా ఉంటే తీగను తాకకపోయినా కాళ్ల గుండా కరెంటు పాకుతుంది. తీగలో కరెంటు ఉందో లేదో చూసి చెప్పగలిగిన వాడు లేడు. ఎవరైనా పడిపోయి కనిపించినా, సరఫరా ఆపించాకే దగ్గరికి వెళ్లాలి. ముందు విద్యుత్ కార్యాలయానికి చెప్పి లైను ఆపించండి, ఆ తర్వాత అటవీ శాఖ 1926 నంబరుకు ఫోన్ చేయండి. ఊరుకోవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ తీగకు మనిషో పులో బలైతే మొదటి అనుమానం చేను యజమాని మీదే పడుతుంది.

చంద్రపూర్ అక్క:
తుపాకీ సంగతి నేను చెబుతాను. మా తమ్ముడు ఉండే అమెరికాలో టర్కీ కోడి వేటకు ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి, సాటి వేటగాడు పక్షి అనుకొని కాల్చకుండా అక్కడివాళ్లు ఆ రంగుల బట్టలు వేసుకోరు. మరొకరు వస్తున్నట్టు కనిపిస్తే చేయి ఊపకుండా గొంతెత్తి మాట్లాడతారు. అనుమతి ఉన్నచోటే అంత జాగ్రత్త అవసరమైతే, చీకట్లో దొంగతనంగా కాల్చేవాడి ముందు మన బతుకెంత? తమ్ముడూ, నల్ల గొంగడి కప్పుకొని పత్తి చెట్ల మధ్య వంగి నడిచే మనిషి దూరానికి అచ్చం పందిలాగే కనిపిస్తాడు. తెల్ల దుప్పటి కప్పుకో, అలికిడి వినగానే మంచె మీదనుంచే లైటు వేసి, తెలుగులోనూ మరాఠీలోనూ "మనిషిని" అని కేక వెయ్యి. కిందికి మాత్రం దిగకు, వాళ్ల వెంట పడకు.

సిరొంచ రైతు:
ఈ ఉదయం లైను ఆపించారు. అటవీ సిబ్బంది పంచనామా రాసుకొని తీగ మొత్తం చుట్టి తీసుకెళ్లారు. ఆ చుట్ట ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఎండ వచ్చేదాకా గట్టు ఎక్కవద్దని అమ్మకూ, పత్తి తీసే కూలీలకూ చెప్పాను.