తీగ బోనులో ఉండి బక్కచిక్కిన కుందేళ్లకు మేత ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: రెండు పెద్ద కుందేళ్లు, ఒక్కోటి కిలోన్నర కూడా లేదు. ఇన్నాళ్లూ అన్నం, బ్రెడ్డే మేత. వెన్నెముక చేతికి గుచ్చుకుంటోంది. చెవుల్లో గోధుమరంగు చెక్కు, వెనక మడమల మీద పుండ్లు. క్యారెట్, క్యాబేజీ బాగా పెడితే కోలుకుంటాయా?

గరికపోచ: వద్దండీ. తీపి, పచ్చిమేత ఒక్కసారిగా పడితే పేగుల్లో బ్యాక్టీరియా అదుపు తప్పి పారుడు పట్టుకుంటుంది. మొదటి వారం ఎండు గరిక, అదీ రాత్రింబవళ్లు అందుబాటులో. తర్వాత కొద్దికొద్దిగా కొత్తిమీర. పెల్లెట్లు (కుందేళ్ల మేత గుళికలు) రోజుకు కిలో బరువుకు 25 గ్రాములు చాలు. నీళ్లు బరువైన మట్టి మూకుడులో పెట్టండి, సీసా కన్నా ఎక్కువ తాగుతాయి. రోజూ ఉదయం వంటింటి కాటా మీద తూచి రాసుకోండి.

పశువైద్యం_తెలుగు: ఆ చెక్కు చాలావరకు గజ్జి పురుగు వల్లే. పీకకండి, కింద పచ్చి చర్మం ఉంటుంది. డాక్టరు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇచ్చి, రెండు వారాలకు మళ్లీ ఇస్తారు. చెక్కు దానంతటదే రాలుతుంది. కుక్కలకు వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలు ప్రాణం తీస్తాయి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే ప్రమాదం. మడమల కోసం తీగ మీద చెక్కపలక వేసి, పైన మందంగా ఎండుగడ్డి పరవండి. తడిస్తే వెంటనే మార్చాలి.

గరికపోచ: ఒక్క మాట. 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా పేగులు ఆగినట్టే. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మురికిగా ఉన్నాయని స్నానం మాత్రం చేయించకండి, తడిగుడ్డతో వెనకభాగం తుడిస్తే చాలు.