డెనెథార్ మీద జాలి పడ్డానికి సినిమాలో ఆధారం ఏదైనా ఉందా?

మాది విజయనగరం. 2003లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడో సినిమా రిటర్న్ ఆఫ్ ది కింగ్ మొన్న ఆదివారం రాత్రి మా బావతో కూర్చుని చూశాను. అందులో రాజు లేని గోండోర్ రాజ్యాన్ని ఏలుతున్న డెనెథార్ కనబడితే చాలు బావ ఒకటే తిట్లు, "కన్నకొడుకుని సావడానికి పంపిసి టమాటాలు తింతన్నాడేటి ఈ ముసలాడు" అని. నిజమే, చిన్నకొడుకు ఫారమిర్ గుర్రమెక్కి యుద్ధానికి పోతుంటే, పక్కన ఈయన కొలువులో చేరిన పిప్పిన్ పాడుతుంటే, ఈయన టమాటా కొరికితే రసం గెడ్డం మీదకి కారుతాది, అది చూస్తే ఎవడికైనా ఒళ్ళు మండుతాది.

నాకైతే జాలేస్తాది. ఎందుకంటే పుస్తకంలో ఆయన దగ్గర దూరంలో ఉన్నవి చూపించే పలాంటిర్ రాయి ఉంటాది, అందులో శత్రువు సౌరాన్ చూడనిచ్చినవే చూసి చూసి ఇంక గెలవలేమని మనసు విరిగిపోతాది. ఇది చెప్తే బావ "పుస్తకం గొడవ నాకొద్దు, సినిమాలో చూపించు" అంటాడు.

థియేటర్ వెర్షన్ రెండుసార్లు, సీన్లు కలిపిన ఎక్స్‌టెండెడ్ వెర్షన్ ఒకసారి ఆపి ఆపి చూశాను. దీని ముందు సినిమా టూ టవర్స్ ఎక్స్‌టెండెడ్‌లో పెద్దకొడుకు బోరోమిర్ ఉన్న ఫ్లాష్‌బ్యాక్ కూడా చూపించాను, అందులో ఈయన చిన్నకొడుకుని ఇంకా చులకన చేస్తాడు, కేసు నాకే ఎదురు తిరిగింది. దొరికిందల్లా ఒకటే, మాంత్రికుడు గండాల్ఫ్‌తో నీకు తెలిసినదానికంటే ఎక్కువే చూశానంటాడు కదా, ఆ ముక్క. దానికి బావ ఒప్పుకోలేదు.

ఆ డైలాగ్ కాకుండా, ఆయన రాయిలోకి చూశాడని తెలిసే షాట్ గానీ మాట గానీ సినిమాలో ఇంకెక్కడైనా ఉందా? ఉంటే ఏ వెర్షన్‌లో, ఏ సీన్‌లో?